క్వింటాలు మనిషి

మా నాన్న నన్ను మా మామగారి పొట్ట చూసి ఆ ఇంటికి ఇచ్చాడు. పెళ్ళికొడుకుని సరిగ్గా చూడనైనా లేదు. పెళ్ళిమాటలకి వచ్చిన రోజున మామగారు మా వసారాలో చేతుల కుర్చీలో కూర్చోబోతే అందులో పట్టలేదు. పక్కింటి నుంచి బల్ల తెచ్చి వేశారు. వాళ్ళు వెళ్ళాక మా నాన్న అమ్మతో, "ఇంక ఎవర్నీ వాకబు చెయ్యక్కర్లేదు, పిల్ల సుఖపడుతుంది" అన్నాడు. అమ్మకీ అదే నమ్మకం. మా వర్తకుల ఇళ్ళల్లో ఒళ్ళున్న మనిషిని చూస్తే జనానికి ధైర్యంగా ఉండేది.

రావులపాలెం బజార్లో మామగారిది బియ్యం, పప్పుల హోల్‌సేలు కొట్టు. పైన మేడ మీద కాపరం. మా ఆయన గున్నేశ్వరరావు ఒక్కడే కొడుకు. పెళ్ళినాటికి బక్కగానే ఉండేవారు. నేను కాపరానికి వెళ్ళిన మొదటి వారంలోనే అత్తగారు నన్ను వంటింట్లో కూర్చోబెట్టి, "చూడు జగదాంబా, వాడు సన్నగా ఉంటే నువ్వు సరిగ్గా పెట్టడం లేదనుకుంటారు. కొట్టు నడవడం లేదని కూడా అనుకుంటారు. మొదటిది పరవాలేదు గానీ రెండోది మనం తట్టుకోలేం" అంది. ఆ మాట నేను తలకెక్కించుకున్నాను. ముద్దపప్పులో నెయ్యి, సాయంత్రం పూర్ణాలో అరిసెలో, మధ్యాహ్నం కొట్టు మూసి ఒక కునుకు. మామగారు పోయి ఈయన గల్లాపెట్టె దగ్గర కూర్చునేనాటికి అక్కడి పరుపు నిండుగా కనిపించింది. ఊరంతా సంతోషించింది. నేనూ గర్వపడ్డాను, ఎందుకు అబద్ధం చెప్పాలి.

ఇక మొక్కు సంగతి చెప్పాలి. మా ఆయన పుట్టినప్పుడు పిడికెడు లేరట. పిల్లాడు బతికి బట్టకడితే ఏటా దసరాకి కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుళ్ళో పటికబెల్లంతో తూకం వేయిస్తానని మామగారు మొక్కుకున్నారు. మొదటేడు చిన్న పొట్లంతో సరిపోయిందని అత్తగారు చెప్పి నవ్వేది. గుడి మండపంలో దూలానికి పెద్ద కాటా కట్టేవారు. ఒక పళ్ళెంలో ఈయన, రెండోదాంట్లో పటికబెల్లం. తూకం తేలాక గుడి పెద్ద మల్లేశ్వరరావుగారు లేచి ఎంత తూగారో గట్టిగా చెప్పేవారు. ఆయనకీ మా ఎదురుగానే నూనెల కొట్టు ఉంది. తర్వాత ఆ పటికబెల్లం వచ్చినవాళ్ళందరికీ పంచేవారు.

పసిపిల్లాడు ఎదుగుతున్నాడా లేదా అని మొదలైన మొక్కు రానురాను కొట్టు ఎదుగుతోందా లేదా అని చూసుకునే తంతు అయిపోయింది. ఈయన క్వింటాలు దాటిన ఏడు గుళ్ళో చప్పట్లు కొట్టారు. హమాలీలు భుజాన మోసే బియ్యం బస్తాతో సమానమైపోయారన్నమాట. అప్పట్నుంచి బజార్లో ఆయన పేరే 'క్వింటాలు షావుకారు'.

ఆ తూకం మీద జనం ఎంత ఆధారపడ్డారో ఇప్పటివాళ్ళకి నవ్వులాటగా ఉంటుంది. మా వైపు చిన్నా చితకా మనుషులు అప్పట్లో బ్యాంకు గుమ్మం ఎక్కడానికి జంకేవారు. కాగితం నింపాలి, వేలిముద్ర వేస్తుంటే గుమాస్తా విసుక్కుంటాడు. కొట్లో దాచుకోవడం సుఖం. అడిగిన రోజున ఇస్తారు, వడ్డీ కూడా వస్తుంది. అరటితోటల కూలీలు, రిక్షావాళ్ళు, బట్టలు కుట్టేవాళ్ళు, చాలామంది డబ్బు మా కొట్లో ఉండేది. లోపల ఎంత ఉందో వాళ్ళకి ఎవరు చెప్తారు? దసరాకి గుళ్ళోకి వచ్చి తూకం విని, పటికబెల్లం నోట్లో వేసుకుని, నిశ్చింతగా ఇంటికి పోయేవారు.

వాళ్ళలో తలుపులమ్మ ఒకతె. జొన్నాడ రేవు మనిషి. మొగుడు ఎవరిదో నావ అద్దెకి తీసుకుని గోదావరిలో వల వేస్తే, ఈవిడ తట్ట నెత్తిన పెట్టుకుని మా బజార్లో చేపలు అమ్మేది. ఎండు పుల్లలా ఉండేది మనిషి. సొంత నావ కొనుక్కోవాలని ఆవిడ ఆశ. మిగిలినదల్లా తెచ్చి మా ఆయనకి ఇచ్చేది. కొట్టు మెట్టు మాత్రం ఎక్కేది కాదు. కింద నిలబడి చెయ్యి చాపితే ఈయన వంగి అందుకునేవారు. ఆ నోట్లు నీసువాసన వేస్తాయని వేరే డబ్బాలో పడేసేవారు. వడ్డీ మాత్రం అందరితో సమానంగానే కట్టేవారు. తూకంలో గానీ లెక్కలో గానీ ఆయన మోసం చేసిన మనిషి కాదు. ఇది నేను పెళ్ళాన్ని కనక చెప్పే మాట కాదు.

సర్కారు వారి కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన మరుసటేడు ఎండాకాలంలో మా ఆయన గల్లాపెట్టె మీద ముందుకి పడిపోయారు. నలుగురు హమాలీలు బస్తా ఎత్తినట్టే ఎత్తి కారులో వేశారు. రాజమండ్రి డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, షుగరు ఉంది, బీపీ ఉంది, గుండె కూడా అలిసిపోయి ఉంది అన్నాడు. చిన్నవాడే, మాట మాత్రం కటువు.

"ఈ ఒళ్ళు దించకపోతే నేను రాసే మందులన్నీ దండగ. తెల్లన్నం, నెయ్యి, స్వీట్లు మానెయ్యాలి. రోజూ నడవాలి. లేకపోతే రెండేళ్ళు కూడా హామీ ఇవ్వలేనండి" అన్నాడు.

మా ఆయన ఆ రెండేళ్ళ మాట పట్టించుకోలేదు. "దసరాకి ఎంత తగ్గుతానండి?" అని అడిగారు.

"పట్టుదలగా చేస్తే పది పన్నెండు కిలోలు తగ్గొచ్చు. చాలా మంచిది."

"మంచిదేంటండి బాబూ, కొంప మునుగుతుంది" అన్నారు ఈయన. డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అయినా కారులో వస్తూ ఆయనతో చెప్పేశాను, ఊరు ఏమన్నా అనుకోనీ, నాకు తాళి ముఖ్యం అని. పెట్టి పెంచినదాన్ని నేనే, దించేదాన్నీ నేనే.

నడక దగ్గరే మొదటి తంటా వచ్చింది. తెల్లవారి కాలవగట్టు మీద మూడు రోజులు నడిచారో లేదో, కనిపించిన ప్రతివాడూ ఆగి, "ఏంటండీ, కారు రిపేరా?" అని అడిగాడు. నాలుగో రోజున ఒకాయన మర్యాదగా, "కారు ఇచ్చేస్తున్నారటగా, మాకు చెప్పొచ్చు కదండీ, బేరం బయటికెందుకు?" అన్నాడు. అంత పెద్ద షావుకారు కాళ్ళతో నడుస్తాడని ఎవరూ ఊహించలేరు. దాంతో గట్టు మానేసి గోడౌన్లో నడవడం మొదలెట్టారు. తలుపులు వేసుకుని బస్తాల దొంతర్ల చుట్టూ, చెమటలు కక్కుకుంటూ. హమాలీలు అడిగితే బస్తాలు లెక్కపెడుతున్నానని చెప్పేవారు. పాపం, వాళ్ళు నమ్మారు. ఇంత జాగ్రత్తపరుడు ఎక్కడా లేడని కూడా చెప్పుకున్నారు.

తిండి దగ్గర రెండో తంటా. అన్నానికి బదులు రాగులు, మా వైపు చోళ్ళంటాం, వాటి అంబలి, సంకటి పెట్టమన్నాడు డాక్టరు. రావులపాలెం బజార్లో బియ్యం షావుకారు పెళ్ళాం వెళ్ళి చోళ్ళు కొంటే ఇంకేమైనా ఉందా? మా పనిమనిషి వీరవేణి పుట్టిల్లు మెట్ట ఊరు, జగ్గంపేట దగ్గర. దానికి చెప్పి వాళ్ళమ్మ చేత చోళ్ళు తెప్పించాను. చిన్నప్పట్నుంచి ఆ అంబలి తాగి తాగి విసిగిపోయిన పిల్ల. రెండు రూపాయల బియ్యం వచ్చాక వాళ్ళింట్లో మూడు పూటలా మల్లెపువ్వులాంటి అన్నం. మా ఇంట్లో మేం అంబలి. ఒకరోజు గిన్నె తోముతూ అడిగింది, "మాకు బాగా జరిగితే మానేశాం కదండీ ఇదీ. మీరేంటండీ, మొదలెట్టారు?" అని. ఒంటికి మంచిదని చెప్పాను. దానికి నమ్మకం కుదరలేదు. అన్నం ఉండగా అంబలి ఎవరు తాగుతారు?

రేషను కొట్టు దగ్గర వరసలో నిలబడి, ఎవరో మా క్షేమం అడిగితే, జాలిగానే చెప్పిందట. "మా అమ్మగారింట్లో అన్నం వండడం మానేశారండి. షావుకారుగారు అంబలి తాగుతున్నారు, సగం అయిపోయారు." దాని తప్పేం లేదు. ఉన్నమాటే చెప్పింది.

ఇక బజారు గుసగుసలాడింది. మా వైపు ఐపీ పెట్టడమంటే వర్తకుడు కోర్టులో దివాలా కాగితం పడేసి, బాకీలకి చేతులెత్తేయడం. గున్నేశ్వరరావు ఐపీ పెడతాడట అన్న మాట అమలాపురం దాకా వెళ్ళింది. కారణం కూడా సరిగ్గా కుదిరింది. సర్కారు రెండు రూపాయలకి బియ్యం పోస్తుంటే ఈయన బియ్యం ఎవరు కొంటారు? మనిషి చిక్కిపోతున్నాడు, చొక్కా భుజాలు జారుతున్నాయి, ఇంట్లో అంబలి. ఇంకేం కావాలి సాక్ష్యం? మా చుట్టాలు కూడా పరామర్శకి వచ్చినట్టు వచ్చి కూర్చుని, కాఫీ తాగి, వంటింటి డబ్బాల కేసి చూసి వెళ్ళేవారు. నాకు ఒళ్ళు మండేది. షుగరని చెప్తే, "అంతేలెండి, బెంగ పెట్టుకుంటే షుగరు వస్తుంది" అనేవారు.

దసరా దగ్గరపడింది. ఈయన షుగరు దిగింది, ఆయాసం పోయింది, మెట్లు ఆగకుండా ఎక్కుతున్నారు. పన్నెండు కిలోలు తగ్గారు. ఎన్నేళ్ళుగానో పక్కన వింటున్న ఆ గురక కూడా తగ్గింది. నాకు లోపల పండగగా ఉంది. ఆయన మొహంలో మాత్రం చావుకళ.

నవమి రోజు పొద్దున్నే ఒక దళసరి గుడ్డ తెచ్చి నా ముందు పెట్టారు. కొట్లోంచి ఆరు తూనికరాళ్ళు తెచ్చారు, రెండేసి కిలోలవి, ఇనపవి.

"దీనికి అరలు కుట్టి పెట్టు. నడుముకి కట్టుకుంటాను. పైన పంచె, చొక్కా, పట్టు కండువా. ఎవరికీ కనబడదు."

 నాకు నవ్వొచ్చింది. "జన్మలో తప్పు తూకం వెయ్యలేదు, అమ్మవారి గుళ్ళో వేస్తారా?"

"తప్పు తూకమంటే ఎదుటివాడికి తక్కువివ్వడం. ఇక్కడ నేను పన్నెండు కిలోల పటికబెల్లం ఎక్కువిస్తున్నాను. నష్టమెవరికి? నాకే కదా."

వర్తకుడి లెక్క అలాగే ఉంటుంది. నాకూ సబబుగానే తోచింది. ఊరి నోరు మూతపడుతుంది, ఈయన ప్రాణం నిలుస్తుంది, ఇంక ఏటా ఇనుము మోస్తే సరి. సూది తీసుకుని కూర్చున్నాను. రాళ్ళు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేయకుండా పాతచీర పేలికలు కూడా చుట్టాను. కుడుతూ కుడుతూ ఊరికే అన్నాను, "అసలు ఇంత అవస్థ ఎందుకండీ? భయపడ్డవాళ్ళని వచ్చి తీసుకుపొమ్మనండి. పదిమందికి చేతిలో పెడితే మిగతావాళ్ళు వాళ్ళే ఊరుకుంటారు."

ఆయన కిటికీలోంచి బజారు కేసి చూస్తూ ఉండిపోయారు. నేను సూది ఆపాను.

"డబ్బు లేదా ఏంటండీ?"

"ఉంది. బయట ఉంది" అన్నారు. "చిల్లర కొట్లవాళ్ళకి అరువిచ్చిన బియ్యం డబ్బు. వాళ్ళ దగ్గరా అమ్మకాలు లేవు, ఇవ్వలేకపోతున్నారు. రెండేళ్ళు అందరూ నోరు మూసుకుని ఊరుకుంటే సర్దుకుంటాను. ఒక్కసారి వచ్చి పడ్డారో, ఇల్లూ వాకిలీ అమ్మాలి. అవి పోతే కొట్టూ ఉండదు."

"మల్లేశ్వరరావుగారిది ఉందిగా మన దగ్గర, అదే పెద్ద మొత్తం. ఆయన ఊరుకుంటే..."

"ఆయన శ్రావణంలోనే తీసేసుకున్నాడు. ఆయనే కాదు, మిల్లువాళ్ళూ, లాయరుగారూ, పెద్దవాళ్ళంతా. ఎవరికీ చప్పుడు కాకుండా. వాళ్ళకి బియ్యం ధర తెలుసు, నా పొట్టతో పనేముంది? ఇంకా ఉంచినవాళ్ళంతా తలుపులమ్మలాంటివాళ్ళే."

గుడ్డ నా ఒళ్ళో ఉంది. ఊరు అబద్ధం చెప్తోందని ఇన్నాళ్ళూ నేను పళ్ళు నూరుకున్నాను. కారణం తప్పు చెప్పింది గానీ సంగతి తప్పు చెప్పలేదు. డాక్టరు చెప్పబట్టి ఈయన తగ్గారు. కొట్టు దాని మానాన అది తగ్గింది. రెండూ ఒకే ఏడు జరిగాయి, అంతే. కుట్టనా మాననా అని చాలాసేపు కూర్చున్నాను. చివరికి ఆఖరి అర కూడా కుట్టేశాను. మొగుడు గుళ్ళో పదిమంది ముందు తల దించుకోవడం చూడలేకపోయాను.

ఆ సాయంత్రానికి గుడి కిక్కిరిసిపోయింది. అంతమందిని ఏ దసరాకీ చూడలేదు. ఈయన పట్టు కండువా కప్పుకుని, మెల్లగా, పాత రోజుల్లో నడిచినట్టు కాళ్ళు ఎడం చేసుకుని నడిచి వచ్చారు. ఇనుము అలా నడిపించింది. మల్లేశ్వరరావుగారు పళ్ళెంలోకి ఎక్కించడానికి నడుం పట్టుకున్నారు. చెయ్యి అక్కడే ఒక క్షణం ఆగింది. ఇనుము తగిలిందని నాకు తెలిసిపోయింది.  ఆయన మా ఆయన మొహం చూశారు, చెయ్యి తీసేశారు, ఏమీ అనలేదు. ఆయనది ఆయనకి ముట్టింది కదా, ఇంకెందుకు అంటారు?

పటికబెల్లం పోశారు, పోశారు, చివరికి కాటా నిలబడింది. మల్లేశ్వరరావుగారు గొంతు సవరించుకుని, "క్వింటాలు మీద నాలుగు కిలోలు. పోయినేడు ఎంతో ఈ ఏడూ అంతే!" అని అరిచారు. మండపం అంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో చప్పట్లు కొట్టారు. చొక్కా వదులైంది కదరా అని ఒకడంటే, చొక్కా కొత్తదిరా అని ఇంకొకడన్నాడు. బరువు కాటా చెప్పాక కళ్ళు చెప్పేది ఎవడు వింటాడు?

ఆడవాళ్ళ వైపు పటికబెల్లం నేనే పంచుతున్నాను. తలుపులమ్మ గేటు దగ్గర నిలబడింది. చేతిలో ఖాళీ గుడ్డసంచి. తూకం తగ్గితే డబ్బు తీసుకుపోవాలని తెచ్చుకున్న సంచి అది. నేను దగ్గరికి వెళితే పైట చాపి పటికబెల్లం పట్టింది. మొహం వెలిగిపోతోంది.

"హమ్మయ్య అమ్మగారూ! నా మగడు ఒకటే గోలండి, షావుకారు అయిపోయాడు, పోయి తెచ్చేయి, తెచ్చేయి అని. ఇప్పుడు కళ్ళారా చూసుకున్నానండి. ఉంచేసుకోండి. వచ్చేయేడు నావ కొంటాం."

నేను ఊరుకుంటే ఆ రోజు అన్నీ చక్కబడ్డట్టే. కొట్టు నిలుస్తుంది, ఈయన పరువు నిలుస్తుంది, ఏమో, రెండేళ్ళకి ఈవిడ డబ్బు కూడా నిలుస్తుందేమో. కానీ ఆవిడ బుగ్గన పెట్టుకున్న ఆ పటికబెల్లంలో పన్నెండు కిలోలు నేను కుట్టిన ఇనుము తాలూకు. నష్టమెవరికి అని పొద్దున్న ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు నా ఎదురుగా నిలబడి నవ్వుతోంది.

"తలుపులమ్మా, రేపు పొద్దున్నే వచ్చి నీ డబ్బు తీసుకుపో" అన్నాను.

"అదేంటండీ? తూకం బాగానే ఉంది కదండి!"

"తూకం మాట వదిలెయ్. నేను చెప్తున్నాను. తీసుకుపో, నావ ఈ ఏడే కొనుక్కో."

నోట్లో పటికబెల్లం అలాగే పెట్టుకుని నా కేసి చూసింది.  "ఆయ్" అని తల ఊపి వెళ్ళిపోయింది.

మర్నాడు కొట్టు తెరిచేసరికి తలుపులమ్మ కింద నిలబడి ఉంది. వెనక వాళ్ళ రేవు మనుషులు పదిమంది. మా ఆయన ఆశ్చర్యపోయి, "నిన్న తూకం చూడలేదా?" అంటే, "చూశానండి. అమ్మగారు తీసుకోమన్నారండి" అంది. అందరూ విన్నారు. ఆయన తలెత్తి మేడ మీద కిటికీలో ఉన్న నన్ను చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. తర్వాత గల్లాపెట్టె తెరిచి ఆవిడ డబ్బు ఆవిడకి ఇచ్చేశారు. షావుకారు పెళ్ళామే తీసుకోమంటోందన్న మాట మధ్యాహ్నానికి బజారంతా పాకింది. సాయంత్రానికి మా మెట్ల కింద తిరనాళ్ళే.

ఆ సాయంత్రం మేడ ఎక్కి వచ్చి, "నువ్వేనా చెప్పింది?" అన్నారు.

"నేనే. పెద్దవాళ్ళకి వాళ్ళలో వాళ్ళు చెప్పుకున్నారు. తలుపులమ్మకి ఎవరు చెప్తారు?" అన్నాను. తిడతారనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. ఆయన పక్క గదిలోకి వెళ్ళి పడుకున్నారు.

ఐపీ మాత్రం పెట్టలేదు. పెట్టమని లాయరుగారు సలహా ఇచ్చారు, అందులో తప్పేం లేదన్నారు. ఈయన ఒప్పుకోలేదు. కారు అమ్మారు, గోడౌను అమ్మారు, దాన్ని మల్లేశ్వరరావుగారే చవగ్గా కొన్నారు. ఇల్లు అమ్మారు. నా నగలు నేనే తీసి ఇచ్చాను, ఇవ్వొద్దని ఆయన అనలేదు, తీసుకుంటున్నానని కూడా అనలేదు. సంక్రాంతి దాటేసరికి అందరికీ ముట్టాయి. మాకు మిగిలింది ఇత్తడి సామాను, మేమిద్దరం. పిల్లలు లేకపోవడం అన్నేళ్ళలో మొదటిసారి మేలనిపించింది, అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది కూడా.

కొవ్వూరులో రెండు గదుల వాటా తీసుకున్నాం, అద్దె తక్కువని. ఈయనకి రాజమండ్రిలో ఒక బియ్యం కొట్లో గుమాస్తా పని దొరికింది. ఒకప్పుడు ఈయన దగ్గర సరుకు కొన్నవాళ్ళదే ఆ కొట్టు. పొద్దున్న బస్సులో వెళ్ళేవారు, సాయంత్రం బస్సు డబ్బులు మిగులుతాయని వంతెన మీద నడిచి వచ్చేవారు. ఎవరూ ఆగి కారు రిపేరా అని అడగలేదు. నెయ్యి కొనలేం గనక మానేశాం. చోళ్ళు అక్కడ బజార్లో నేనే బాహాటంగా కొనుక్కునేదాన్ని.

అలా అయిదేళ్ళు గడిచాయి. ఆ రోజు సంగతి ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. తిట్టలేదు, మంచిపని చేశావనీ అనలేదు. నాతో మాటలు మామూలే, నవ్వులు మామూలే. ఆ ఒక్క దగ్గరికి వస్తే మాత్రం పక్కకి తప్పుకునేవారు. ఆ మౌనం కింద నేను చాలా నలిగాను.

ఆ ఏడు మాఘమాసంలో రాజమండ్రి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన్ని లోపలికి పిలిచారు. నేను వరండాలో బల్ల మీద కూర్చున్నాను. నా పక్కన సగం బల్ల ఆక్రమించి ఒక లావాటావిడ, మెళ్ళో రెండు పేటల గొలుసు, పట్టుచీర, ఆయాసంతో ఒగరుస్తోంది. నన్ను చూసి చూసి, "అమ్మగారూ! మీరేనా అండీ?" అంది. గొంతు విన్నాక గానీ గుర్తు పట్టలేదు. తలుపులమ్మ.

నా చేతులు రెండూ పట్టేసుకుంది. "మీరా రోజు చెప్పబట్టి నావ కొన్నామండి. ఒకటికి నాలుగు అయ్యాయి. ఇప్పుడు చేపలు ఐసు పెట్టెల్లో కలకత్తా పంపిస్తున్నామండి. రొయ్య కూడా చేస్తున్నాం. మీ చల్లని మాటేనండి" అంది. సంతోషంగా విన్నాను. కడుపు నిండినట్టయింది. ఏమైందమ్మా ఒంటికి అంటే చెప్పింది.

"షుగరంటండి. ఒళ్ళు తగ్గాలంటున్నారండి డాక్టరుగారు. మందులైతే మింగుతాను గానీండి, తగ్గడం మాత్రం నావల్ల కాదండి."

"ఎందుకు కాదు? ఈయన తగ్గలేదూ?"

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రేవులో మావోళ్ళందరూ డబ్బులు నా దగ్గరే దాచుకుంటారండి. నేను చిక్కిపోతే ఏమనుకుంటారండి?"

అప్పుడే మా ఆయన బయటికి వచ్చారు, రిపోర్టు చేత్తో పట్టుకుని. మొహంలో ఒక చిన్న నవ్వు. "షుగరు పూర్తిగా అదుపులో ఉందిట. ఏం చేశారండీ అని ఒకటే ఆశ్చర్యం డాక్టరుగారికి. కొట్టు మూసేశానండి అన్నాను" అన్నారు. అప్పుడు చూశారు తలుపులమ్మని. ఆవిడ లేవబోయింది, లేవలేకపోయింది. ఆయన బల్లకి ఆ చివర కూర్చున్నారు. ఆవిడ ఆయన్ని పైనుంచి కిందికి చూసి కళ్ళు తుడుచుకుంది, "ఎలాంటి మనిషి ఎలా అయిపోయారండీ" అని.

నాకు ఒక అనుమానం వచ్చింది. అడక్కుండా ఉండలేకపోయాను. "తలుపులమ్మా, దాచుకున్నవాళ్ళందరూ రేపొద్దున ఒకేసారి వచ్చి అడిగితే ఇవ్వగలవా?"

ఆవిడ గేటు కేసి చూస్తూ గొలుసు సవరించుకుంది. అంతా నావల్లో ఉందండి, చెరువుల్లో ఉందండి, పంట చేతికొస్తే... అంటూ ఏదో గొణిగింది. ఇలా చూపు తప్పించడం నేను ఒకసారి చూశాను, ఇనుము కుట్టిన రోజున మా కిటికీ దగ్గర.  మళ్ళీ నేనే నోరు విప్పాలా అని భయం వేసింది.

మా ఆయన మాట్లాడారు. రిపోర్టు మడిచి జేబులో పెట్టుకుంటూ, నెమ్మదిగా, "రెండు నావలు అమ్మెయ్యమ్మా. ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యి, వాళ్ళు అడక్క ముందే. తర్వాత నడవడం మొదలెట్టు. నడక తేలిగ్గా ఉంటుంది. మా ఇంటావిడ చెప్పబట్టి నాకు తెలిసింది" అన్నారు.

అయిదేళ్ళ తర్వాత ఆ మాట. అదీ నాతో కాదు, ఆవిడతో. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. చెంగు అడ్డం పెట్టుకుని గోడ మీద కేలండరు చూస్తూ కూర్చున్నాను.

లోపల్నుంచి కాంపౌండరు తలుపులమ్మ పేరు పిలిచాడు. ఆవిడ బల్ల పట్టుకుని రెండుసార్లు ప్రయత్నించింది, లేవలేకపోయింది. మా ఆయన లేచి ఎదురుగా నిలబడి చెయ్యి చాపారు. ఆవిడ ఆ చెయ్యి కేసి చూసి, తన చెయ్యి చీరకి తుడుచుకుంది, ముట్టుకోవచ్చో లేదో అన్నట్టు.

"పట్టుకో" అన్నారాయన. పట్టుకుంది. లేవదీశారు.